రౌతు కొద్దీ గుర్రం

గుర్రమెక్కడంలో ఏముంది, ఎక్కి కూర్చుంటే అదే పోతుంది గదా అనుకుంటారు చాలామంది. నేల మీద నిలబడి చూసేవాళ్ళకు అలాగే తోస్తుంది. కాని మొట్టమొదటిసారి జీను మీద కూర్చున్నవాణ్ణి కాస్త పరీక్షగా చూడండి. అతని తల నేలకు ఎనిమిదడుగుల ఎత్తున ఉంటుంది. కింద నాలుగైదు క్వింటాళ్ళ బరువున్న ప్రాణి. అది ఒక్క అడుగు వేసేసరికి మనవాడికి గుండె జారిపోతుంది. ఎక్కడ పడిపోతానో అని రెండు కాళ్ళతోనూ గుర్రం డొక్కలను గట్టిగా కరుచుకుంటాడు. అదే క్షణంలో రెండు చేతులతోనూ పగ్గాలు వెనక్కి లాగుతాడు.

ఇందులో తప్పేముంది అంటారా? సవారీ నేర్చిన గుర్రానికి డొక్కలు నొక్కితే ‘పద’ అని అర్థం. పగ్గాలు లాగితే ‘ఆగు’ అని అర్థం. మనవాడు రెండు మాటలూ ఒక్కసారే చెప్పాడు! పాపం, గుర్రం ఏం చేస్తుంది? కొంచెం ముందుకు గెంతుతుంది, తల ఎగరేస్తుంది, పక్కకు జరుగుతుంది. మనవాడు ఇంకా బెదిరి ఇంకా గట్టిగా కరుచుకుంటాడు, ఇంకా గట్టిగా లాగుతాడు. చివరకు కిందికి దిగి ‘అబ్బ! పొగరుబోతు గుర్రం’ అంటాడు.

అదే గుర్రం మీద, అదే నిమిషంలో, తెలిసినవాడు ఎక్కి కూర్చుంటే అది మేకపిల్లలాగా నడుస్తుంది. దీన్ని మన పెద్దలు ఎప్పుడో గమనించి ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నారు. రౌతు ఎలాంటివాడో గుర్రం అలా ఉంటుందని. సామెత అందరికీ తెలిసిందే. కాని రౌతు ఎలాంటివాడో గుర్రానికి ఎలా తెలుస్తుంది? వాడు తన పేరు చెప్పలేదు, ‘నాకు భయంగా ఉంది’ అని అనలేదు. పైగా ధైర్యంగా ఉన్నట్లే నటించాడు. మనం తెలుసుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది.

ముందు గుర్రాన్ని ఒకసారి దాని స్థానంలో నిలబడి చూద్దాం. గుర్రం ఎంత పెద్దదైనా, ఎంత బలమైనదైనా, పులిలాగా వేటాడే జంతువు కాదు. వేటాడబడే జంతువు. దానికి కొమ్ములు లేవు, కోరలతో చీల్చే అలవాటు లేదు. లక్షల సంవత్సరాలుగా గుర్రపు జాతి బతికింది ఒకే ఒక ఉపాయంతో: ప్రమాదాన్ని అందరికంటే ముందు పసిగట్టడం, పరుగెత్తడం. గడ్డిలో ఏదో కదిలితే ‘అది గాలో, తోడేలో చూద్దాం’ అని ఆగిన గుర్రాలకు సంతానం మిగలలేదు. ముందు పరుగెత్తి, తరువాత వెనక్కి తిరిగి చూసినవాటి సంతానమే ఈనాటి గుర్రాలు. దారిలో ఎగిరిన ఒక ప్లాస్టిక్ సంచిని చూసి గుర్రం బెదిరితే మనం నవ్వుతాం. అది నవ్వవలసిన సంగతి కాదు, దాని ప్రాణరక్షణ విద్య.

ఈ విద్యకు తగినట్లే దాని శరీరమంతా అమరింది. నేల మీద నివసించే క్షీరదాలలో అతి పెద్ద కళ్ళున్నవాటిలో గుర్రం ఒకటి. ఆ కళ్ళు మనకు లాగా ముఖానికి ముందు లేవు, పక్కలకు ఉన్నాయి. అందువల్ల అది తల తిప్పకుండానే తన చుట్టూ సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. ఒకప్పుడు మన ఊళ్ళలో జట్కాబళ్ళు తిరిగే రోజుల్లో గుర్రాల కళ్ళ పక్కన తోలు గంతలు కట్టేవారు. ఎందుకనుకున్నారు? తన వెనక ఉరుముకుంటూ వచ్చే బండి చక్రాలు దానికి కనబడకుండా ఉండటానికే! గుర్రానికి కనబడని చోట్లు రెండే. సరిగ్గా దాని తోక వెనక, సరిగ్గా దాని నుదుటి ముందు. గుర్రం వెనకగా వెళ్ళకూడదని పెద్దవాళ్ళు అనేది ఇందుకే. కనబడని చోట ఏదో తగిలితే అది ముందు తన్ని తరువాత ఆలోచిస్తుంది. భుజం పక్కనుంచి, మాట వినిపిస్తూ వెళ్ళడమే మర్యాద.

ఇక చర్మం సంగతి. గుర్రం ఒంటి మీద ఈగ వాలితే, సరిగ్గా వాలిన చోటనే చర్మం జలదరిస్తుంది, చూశారా? చర్మం కిందనే పరుచుకున్న ఒక పలుచని కండరం చేసే పని అది. ఈగ బరువును పోల్చుకోగలిగిన చర్మం మీద మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. మీరు కుడివైపు దారిని చూడటానికి తల తిప్పితే, మెడ తిరుగుతుంది, దాంతో భుజం తిరుగుతుంది, నడుము ఒక పిసరు తిరుగుతుంది, మీ బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. మీకు తెలియదు, గుర్రానికి తెలుస్తుంది. అందుకే సవారీ నేర్పే చోట మొదటి రోజునే ఒక మాట చెబుతారు: గుర్రం మెడ వైపు చూడకు, పోవలసిన చోటు చూడు అని. కింద చూసేవాడు తెలియకుండానే ముందుకు ఒరుగుతాడు, బిగుసుకుంటాడు. మీరు సైకిలు నేర్చుకునేటప్పుడు ముందు చక్రాన్నే చూస్తూ పోయి గుంటలో పడి ఉంటారు. అదీ ఇలాంటిదే.

మన ఆలోచన మన ఒంట్లోకి ఇలా తెలియకుండా దిగివస్తుందని బయటపడటానికి ఒక గుర్రమే కారణమయింది. ఆ కథ వినవలసిందే.

జర్మనీలో బెర్లిన్ నగరంలో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అని ఒక ముసలాయన ఉండేవాడు. పూర్వం బడిలో లెక్కలు చెప్పి విరమించుకున్నవాడు. జంతువులకు కూడా ఓపికగా చదువు చెబితే వస్తుందని ఆయన నమ్మకం. హాన్స్ అనే తన గుర్రానికి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాడు. 1904 వచ్చేసరికి హాన్స్ పేరు దేశదేశాలకూ పాకిపోయింది. ‘అయిదూ మూడూ ఎంత?’ అంటే కుడి ముందుకాలి గిట్టతో నేల మీద ఎనిమిదిసార్లు తట్టి ఆగేది. భిన్నాలు చేసేది, తేదీలు చెప్పేది, జర్మన్ మాటలకు అక్షరాలు కూడా తట్టి చూపేది. బహుమానం ఒక రొట్టె ముక్కో, క్యారెట్టో. ఆయన ఈ ప్రదర్శనకు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. తాను లేనప్పుడు వేరేవాళ్ళు ప్రశ్నలు వేసినా అభ్యంతరం చెప్పలేదు. అప్పుడు కూడా హాన్స్ సరిగ్గానే జవాబులు చెప్పేది!

ఇదేమి మాయ అని తేల్చడానికి ఒక సంఘం ఏర్పడింది. కార్ల్ ష్టుంఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దానికి పెద్ద. అందులో పశువైద్యుడు, సర్కసు యజమాని వంటివారు కూడా ఉన్నారు. జంతువుల గారడీలు పట్టుకోవాలంటే సర్కసువాడికి మించినవాడెవడు? ఆ ఏడాది సెప్టెంబరులో వాళ్ళు ఇందులో గారడీ ఏదీ లేదని తేల్చారు.

మోసం లేదు. మరి గుర్రానికి నిజంగానే లెక్కలు వచ్చా? ఈ రెండో ప్రశ్నను పట్టుకున్నవాడు ష్టుంఫ్ దగ్గర పనిచేసే ఓస్కర్ ఫుంగ్స్ట్. అతను చేసిన పని చాలా సులువైనది, అందుకే చాలా గొప్పది. ప్రశ్న వేసేవాడికే జవాబు తెలియకుండా చేశాడు. ఉదాహరణకు, అంకె రాసిన అట్టను ప్రశ్న వేసేవాడు చూడకుండా గుర్రానికి మాత్రమే చూపించేవాడు. అంతే, అంతటి పండితుడూ తడబడ్డాడు. అడిగేవాడికి జవాబు తెలిస్తే దాదాపు ప్రతిసారీ ఒప్పు, తెలియకపోతే దాదాపు ప్రతిసారీ తప్పు. గుర్రం కళ్ళకు పెద్ద గంతలు కట్టి, అడిగేవాడు కనబడకుండా చేసినా ఇదే ఫలితం. (ఈ ప్రయోగాలలో హాన్స్ విసిగిపోయి ఫుంగ్స్ట్‌ను కొరికింది కూడా. పరిశోధన అంటే అన్నీ పూలదండలే కావు.)

అప్పుడు ఫుంగ్స్ట్ గుర్రాన్ని వదిలి మనుషులను చూడటం మొదలుపెట్టాడు. సంగతి బయటపడింది. ప్రశ్న వేసినవాడు గుర్రం గిట్టను చూడటానికి తల ఒక పిసరు ముందుకు వంచుతాడు. గుర్రం తట్టడం మొదలుపెడుతుంది. తట్టు సరైన అంకెకు చేరగానే అతనికి తెలియకుండానే తల రవంత పైకి లేస్తుంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు ఆ కదలిక. హాన్స్ అక్కడ ఆగేది! ఫుంగ్స్ట్ అంతటితో ఊరుకోలేదు. తానే గుర్రమయ్యాడు. 25 మందిని పిలిచి, ఒక అంకె మనసులో అనుకోమని, తాను చేత్తో బల్ల మీద తడుతూ వాళ్ళ తలలు చూశాడు. ఇద్దరు తప్ప అందరూ తమకు తెలియకుండా తమ అంకెను బయటపెట్టేశారు. 1907లో అతను ఇదంతా పుస్తకంగా ప్రకటించాడు.

హాన్స్‌కు లెక్కలు రావని కొందరు నవ్వారు. నన్నడిగితే, హాన్స్ చేసిందే ఎక్కువ కష్టమైన పని. ఎనిమిది దాకా లెక్కపెట్టడం ఒకటో తరగతి పిల్లవాడికి వస్తుంది. ఎదుటివాడి తలలో మిల్లీమీటరు కూడా లేని కదలికను పట్టుకోవడం ఆ సంఘంలో ఎవరికీ రాలేదు.

ఇందులో మనకూ ఒక చురక ఉంది. తరగతిలో మాస్టారు లేపి ‘ఏడెనిమిదులు?’ అన్నారనుకోండి. మీరు ‘యాభై... నాలు...’ అంటూ ఆయన ముఖంలోకి చూస్తారు. కనుబొమలు పైకి లేస్తాయి. వెంటనే ‘కాదండీ, యాభై ఆరు!’ అంటారు. మాస్టారు తల ఊపుతారు. మీరు కూర్చుంటారు. లెక్క వచ్చి కూర్చున్నారా, ముఖం చదివి కూర్చున్నారా? పరీక్ష హాలులో ప్రశ్నపత్రానికి కనుబొమలు ఉండవు. చదివిన పాఠాన్ని పుస్తకం మూసి, ఎవరి ముఖమూ చూడకుండా కాగితం మీద రాసి చూసుకుంటే ఏ సంగతీ మీకే తెలిసిపోతుంది. ఈనాడు కొత్త మందులను పరీక్షించేటప్పుడు కూడా శాస్త్రజ్ఞులు ఇలాంటి జాగ్రత్తే తీసుకుంటారు. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్త బిళ్ళ ఇస్తున్నామో ఇచ్చే వైద్యుడికి కూడా తెలియనివ్వరు.

మన ఒళ్ళు మనకు తెలియకుండా కదులుతుందంటే మీకు నమ్మకం కలగడం లేదా? అయితే ఇప్పుడే ఒక ప్రయోగం చేయండి. జానెడు దారానికి ఒక ఉంగరమో, తాళంచెవో కట్టండి. కాగితం మీద ఒక నిలువు గీత, ఒక అడ్డగీత కలిసేలా గీయండి. దారం కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, చేతిని దేనికీ ఆనించకుండా, ఉంగరం గీతలు కలిసిన చోటికి పైన వేలాడేలా పట్టుకోండి. చేయి కదపకండి. ఉంగరాన్నే చూస్తూ అది నిలువు గీత వెంట ఊగుతున్నట్లు ఊహించుకోండి. కొద్దిసేపట్లో చాలామందికి అది నిజంగానే ఊగుతుంది! అడ్డంగా అనుకుంటే అడ్డంగా తిరుగుతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని, ఏమవుతుందో స్నేహితుణ్ణి చూసి చెప్పమనండి. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రెల్ ఈ ప్రయోగం చేసి 1833లో ప్రకటించాడు. కళ్ళకు గంతలు కడితే ఊగడం ఆగిపోతుందని, చేతిని ఆనిస్తే తగ్గిపోతుందని గమనించాడు. బావికి చోటు చూసేవాళ్ళ చేతిలో పంగలపుల్ల తిరగడానికీ కారణం ఇదే. పుల్లను లాగేది భూమిలో నీళ్ళు కాదు, ఆ మనిషి కండరాలే. అతను మోసగాడు కానక్కరలేదు. ఓస్టెన్ మోసగాడా?

ఇక మన రౌతు దగ్గరకు తిరిగి వద్దాం. అతని ఆలోచన కండరాల్లోకి దిగినట్లే భయం కూడా దిగుతుంది. దీన్ని స్వీడన్‌లో కొందరు చక్కగా పరీక్షించి 2009లో ప్రకటించారు. మనిషికీ గుర్రానికీ గుండె చప్పుడు లెక్కించే యంత్రాలు కట్టి, ఒక చోటినుంచి మరొక చోటికి నాలుగుసార్లు వెళ్ళమన్నారు. నాలుగోసారి బయలుదేరే ముందు మనిషితో, ‘ఈసారి మీరు వెళ్ళేటప్పుడు పక్కన ఒకరు ఫట్టున గొడుగు తెరుస్తారు’ అన్నారు. గుర్రానికి ఆ సంగతి ఎలాగూ తెలియదు. మనిషి గుండె వేగం పెరిగింది. గుర్రం గుండె వేగం కూడా పెరిగింది. తమాషా ఏమిటంటే, ఆ గొడుగును ఎవరూ తెరవనే లేదు! లేని గొడుగుకు మనిషి బెదిరాడు. మనిషిని చూసి గుర్రం బెదిరింది.

గుర్రం మన ముఖం కూడా చదువుతుంది. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ప్రకటించిన ప్రయోగంలో గుర్రాలకు నవ్వు ముఖాలవీ, కోపం ముఖాలవీ పెద్ద ఫోటోలు చూపించారు. కోపం ముఖాన్ని అవి ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి. భయపెట్టే వస్తువులను చాలా జంతువులు అలాగే చూస్తాయి. వాటి గుండె వేగం కూడా పెరిగింది.

అలాగని భయం లేకుండా ఉండాలని ఎవరైనా అంటే నమ్మకండి. భయపడకు అంటే భయం పోతుందా? ఎంత అనుభవం ఉన్న రౌతులైనా చేసేది వేరు. గట్టిగా ఊపిరి వదులుతారు. బిగిసిన భుజాలు దింపుతారు. మడమలు కిందికి వదులుతారు. పగ్గాల మీద పట్టు కాస్త సడలిస్తారు. మనసుకు చెబితే వినదు, ఒంటికి చెబితే వింటుంది. ఒళ్ళు సడలితే గుర్రం నెమ్మదిస్తుంది, గుర్రం నెమ్మదిస్తే మనసు కుదుటపడుతుంది. (ఇదంతా తలకు గట్టి హెల్మెట్ పెట్టుకున్న తరువాతి మాట. దాని బదులు ఏ ఊపిరీ పనిచేయదు.)

కోపం సంగతి భయం కంటే కష్టం. సుమారు 2,400 సంవత్సరాల కిందట గ్రీకు దేశంలో జెనొఫన్ అనే సైనికుడు గుర్రపు సవారీ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దని ఆయన అందులో గట్టిగా చెప్పాడు. గుర్రం ఏదైనా వస్తువును చూసి బెదిరితే, కొట్టి దాని దగ్గరకు తోలకూడదట. కొడితే ఆ నొప్పి ఆ వస్తువు వల్లనే వచ్చిందనుకుని మరింత బెదురుతుందట. ఈనాటి శాస్త్రం కూడా ఆయనతో ఏకీభవిస్తుంది. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి తీసేయడం వల్ల. కాలితో మెత్తగా నొక్కారు, అది ఒక అడుగు వేసింది, ఆ అడుగు పడగానే కాలు సడలించాలి. ‘ఓహో, ఇదా వీళ్ళు అడిగింది’ అని దానికి తెలిసేది ఆ సడలింపులోనే. రెండు మూడు క్షణాలు ఆలస్యమైతే అది వేరే దేనికో బహుమానమనుకుంటుంది. అడిగింది చేసినా ఒత్తిడి తగ్గకపోతే, చేసినా చేయకపోయినా ఒకటేనని మొద్దుబారిపోతుంది. ‘మొండి గుర్రం’ అని పేరుపడ్డవాటిలో చాలా వాటిని మొండిగా తయారుచేసింది ఆగని మడమలే.

మీరు అడగవచ్చు: ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అని మరో సామెత ఉంది గదా, దాని మాటేమిటి? అదీ నిజమే. కాని అందులో మెత్తన అంటే దయ అని నేను అనుకోను. ఏం కావాలో తనకే తెలియక, ఒకసారి నొక్కి ఒకసారి మాని, ఇవాళ వద్దన్నది రేపు పోనీలే అనేవాడు మెత్తని రౌతు. అలాంటివాడు కొరడా పట్టుకున్నా మెత్తనివాడే.

చేతి బలం, కాలి బలం ఇందులో ఎంత తక్కువ పాత్ర వహిస్తాయో చూపిన మనిషి డెన్మార్క్ దేశపు లిస్ హార్టెల్. ఆమె గుర్రాల చేత లయగా, తీర్చినట్లు అడుగులు వేయించే ‘డ్రెస్సాజ్’ పోటీలలో పేరు పొందింది. 1944లో, 23 ఏళ్ళ వయసులో, గర్భవతిగా ఉన్నప్పుడు ఆమెకు పోలియో వచ్చింది. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. కాని తల్లి మోకాళ్ళ కింద నుంచి చచ్చుబడిపోయింది. మళ్ళీ గుర్రమెక్కాలంటే ఎవరైనా ఎత్తి కూర్చోబెట్టాలి. ఎన్నోసార్లు జారి కిందపడింది. అయినా మూడేళ్ళలో తిరిగి పోటీలకు వచ్చింది. మడమలతో చెప్పవలసిన మాటలన్నీ ఆమె తొడలతో, నడుముతో, బరువును ఇటూ అటూ రవంత మార్చడంతో చెప్పడం నేర్చుకుంది. ఆమె గుర్రం జూబిలీ ఆ కొత్త భాష నేర్చుకుంది.

అప్పటిదాకా ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో సైన్యాధికారులు మాత్రమే పాల్గొనాలని నియమం ఉండేది. 1948లో బంగారు పతకం గెలిచిన స్వీడన్ జట్టులో ఒకాయన అధికారి కాడు, సార్జెంటేనని తేలి, మరుసటి ఏడు పతకం వెనక్కి తీసుకున్నారు! 1952లో హెల్సింకీలో మొదటిసారిగా సామాన్యులకూ, స్త్రీలకూ ప్రవేశం దొరికింది. ఆ పోటీలో లిస్ హార్టెల్ పురుషులతో సమానంగా పాల్గొని వెండి పతకం గెలిచింది. బంగారు పతకం వచ్చిన స్వీడన్ రౌతు హెన్రి సెయింట్ సిర్ ఆమె పతకాల వేదిక ఎక్కడానికి చేయూత ఇచ్చాడు. 1956లో ఆమెకు మళ్ళీ వెండి పతకమే వచ్చింది.

ఆమెను చూశాక ఐరోపాలో కాళ్ళూ నడుమూ స్వాధీనంలో లేనివారికి గుర్రపు సవారీని ఒక చికిత్సగా వాడటం పుంజుకుంది. దాని వెనక ఉన్న సంగతి చాలా సులువైనది. గుర్రం మామూలుగా నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కొద్దికొద్దిగా ఊగుతుంది. ఆ ఊపుకు జీను మీద కూర్చున్నవారి నడుము కదిలే తీరు, మనిషి తన కాళ్ళ మీద తాను నడిచేటప్పుడు నడుము కదిలే తీరుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఎన్నడూ నడవని పిల్లవాణ్ణి ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టి, ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని, మూడోవారు గుర్రాన్ని మెల్లగా నడిపిస్తారు. ఆ గుర్రం నాలుగు కాళ్ళ మీద, ఆ పిల్లవాడి నడుముకు నడక అంటే ఏమిటో తెలుస్తుంది.